స్మోకో, డర్రీ, దమ్ము

మెల్‌బోర్న్‌లో బిల్డింగుల పనికి వచ్చిన మనోళ్లకు ముందుగా వంటబట్టే మాట ‘స్మోకో’. పేరులో పొగ ఉన్నా అసలు అర్థం పని మధ్యలో దొరికే టీ టైమ్. సిగరెట్ ముట్టనివాడికీ స్మోకో ఉంటుంది, దాన్ని కోస్తే ఊరుకోడు.

సిగరెట్‌ను మా సైట్లో ‘డర్రీ’ అంటారు, కుర్రాళ్లు ‘డార్ట్’ అంటారు. చేత్తో చుట్టుకున్నదైతే ‘రోలీ’. డర్రీ ఎక్కడ పుట్టిందో నిఘంటువులు కూడా తేల్చలేదు. అమెరికాలోని డర్హమ్ ఊరి పేరుతో అమ్మిన ‘బుల్ డర్హమ్’ పొగాకు నుంచి వచ్చి ఉండొచ్చని ఒక ఊహ. మా రూమ్‌లో ఉండే జగిత్యాల తమ్ముడు ఒప్పుకోడు. “దర్రీ అంటే పెండ్లిల్ల పరిచేదే గదన్నా. అదీ సుట్టిపెడ్తరు, ఇదీ సుడ్తరు” అంటాడు. నవ్వొచ్చింది గానీ, ఇట్లా చక్కగా అతికే కథలనే నేను ఎక్కువ అనుమానిస్తా.

ఇంగ్లండ్ వాళ్ల ‘ఫ్యాగ్’ కథ కొంత నయం. గుడ్డకో తాడుకో చివర మిగిలిన పనికిరాని కొసను ‘ఫ్యాగ్ ఎండ్’ అనేవారు. తర్వాత అది సిగరెట్ పీకకు, చివరికి సిగరెట్‌కే పేరైంది. ఆ ‘ఫ్యాగ్’ మూలం మాత్రం మళ్లీ చీకటే.

మన ‘దమ్ము’కు ఆ తిప్పలు లేవు. ఫారసీలో ఊపిరి అని అర్థం, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. హన్మకొండ చౌరస్తాలో దమ్ము కొట్టేవాడు, మెట్లెక్కలేక ‘దమ్మొస్తుంది’ అని కూలబడేవాడు, చాలాసార్లు ఇద్దరూ ఒక్కరే.

మా అవ్వది పరకాల దగ్గర ఊరు. బీడీలు చేస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, కొస మడిచి దారం కట్టేస్తుంది. చూస్తుండగానే అయిపోతుంది. లెక్క వెయ్యి బీడీలకు ఇంతని. ఒకరోజు స్మోకోలో వీడియో కాల్ చేస్తే, నా వెనకాల ఒకాయన రోలీ చుడుతూ కనబడ్డాడు. కాగితం పరిచాడు, పొగాకు సర్దాడు, మళ్లీ సర్దాడు, అంచు నాకి అంటించాడు. అవ్వ అంతా చూసి, “ఒక్కదానికే గంత సేపా బిడ్డా? గాయినకు వెయ్యి ఎప్పుడైతయి?” అంది.