కాలు పొడవు ఆపరేషన్: ఏ రాడ్డు అని అడిగే ముందు

కాలు పొడవు చేసే ఆపరేషన్ అని యూట్యూబ్‌లో వెతికితే అన్నీ లోపల రాడ్డు వేసే వీడియోలే వస్తాయి. బయట ఒక్క పిన్ను కనపడదు, మనిషి నవ్వుకుంటూ నడుస్తుంటాడు. మా తమ్మునికి ఆ వీడియోలు బాగా ఎక్కాయి. వానికి చిన్నప్పుడు మోకాలి పైన ఎముక విరిగి, సరిగ్గా ఎముక పెరిగే భాగమే దెబ్బతిన్నది, అందుకే కుడికాలు నాలుగు సెంటీమీటర్లు పొట్టిగా ఉండిపోయింది. ఇన్నాళ్లూ చెప్పు కింద ఎత్తు పెట్టించుకొని హన్మకొండంతా తిరిగాడు, ఇప్పుడు నడుము నొప్పి మొదలయ్యేసరికి ఆపరేషన్ మాట వచ్చింది.

డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్తా: ఏ ఇంప్లాంట్ సుఖంగా ఉంటుందన్నది తర్వాతి సంగతి. అది మధ్యలో మొరాయిస్తే ఎవరు చూస్తారు, ఎంత దూరంలో ఉంటారన్నది ముందు తేల్చుకోవాలి.

ఏది వేసినా లోపల జరిగే పని ఒక్కటే. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు 1950ల నుంచి చేసి చూపించిన పద్ధతి ఇది. ఎముకను కోస్తారు, ఐదు నుంచి ఏడు రోజులు ఆగుతారు, తర్వాత కోసిన రెండు ముక్కలను రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు ఎడంగా జరుపుతారు, అదీ ఒకేసారి కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సార్లు. ఆ సందులో కొత్త ఎముక కడుతుంది. తొందరపడితే నరాలు, కండరాలు తట్టుకోవు, కొత్త ఎముక సరిగా కట్టదు. మరీ మెల్లగా పోతే ముందే అతుక్కుపోయి ఇక జరగదు. నాలుగు సెంటీమీటర్లకు సాగదీయడం నలభై రోజుల పనే కానీ ఆ కొత్త ఎముక గట్టిపడి బరువు మోయడానికి నెలలు పడుతుంది, వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

కాజీపేటలో మాకు తెలిసిన ఆటో అన్న ఒకాయన యాక్సిడెంట్‌లో ఎముక పోయి మోకాలి కింద రింగులు వేయించుకున్నాడు, అంటే ఎముకలోకి పిన్నులు దింపి కాలు చుట్టూ బయట బిగించే ఫ్రేమ్. నట్టు మీద మార్కర్‌తో చుక్క పెట్టుకొని, స్పానర్‌తో పావు చుట్టు తిప్పేవాడు, పావు చుట్టంటే పావు మిల్లీమీటరు. పిన్ను చర్మంలోకి దిగే చోట గాజుగుడ్డతో శుభ్రం చేసుకోవాలి, మే నెల ఎండకు చెమట పట్టి ఆ చోటే ఎర్రబడి చీము వచ్చేది. ప్యాంటు పట్టదు, లుంగీయే గతి. ఇంత కష్టం ఉన్నా రింగులకు ఒక బలం ఉంది: వంకర ఉంటే దాన్ని కూడా సరిచేయొచ్చు, అయిపోయాక అన్నీ తీసేస్తారు, లోపల ఏమీ మిగలదు.

లోపల రాడ్డు వేసి, సాగదీసే వరకే బయట ఫ్రేమ్ పెట్టే పద్ధతి కూడా ఉంది. ఫ్రేమ్ తొందరగా ఊడదీస్తారు, ఖర్చు మధ్యస్తం. కానీ పిన్ను దగ్గరి ఇన్ఫెక్షన్ లోపలి రాడ్డు దాకా పాకితే అది పెద్ద గొడవ. అది విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇక మావాడికి నచ్చిన అయస్కాంతం రాడ్డు. ప్రిసైస్ అనే పేరుతో వచ్చే ఇది టైటానియంది, తొడ మీద ఒక రిమోట్ యంత్రం పెడితే లోపల రాడ్డు సాగుతుంది. పిన్నులుండవు, చర్మం మీద గాయాలుండవు, తొడకైతే ఇది నిజంగా మేలు, ఎందుకంటే తొడకు ఫ్రేమ్ వేసుకొని కూర్చోవడం, పడుకోవడం నరకం. కానీ ఎముక గట్టిపడేదాకా పూర్తి బరువు మోపకూడదు, చేతికర్రలతో ఉండాల్సిందే. ఎముక కుదిరాక ఇంకో ఆపరేషన్‌తో రాడ్డు తీయాలి. అది లోపల ఉన్నన్ని రోజులు ఎంఆర్ఐ గదిలోకి పోవద్దు, అందుకే మావాడి నడుముకు ఎంఆర్ఐ ముందే తీయించేయమన్నా. ఖర్చు లక్షల్లో.

ఈ బరువు సమస్యకే స్ట్రైడ్ అని స్టీలు రాడ్డు తెచ్చారు. 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, మొదటి నుంచే బరువు మోపొచ్చన్నారు, అందరూ సంబరపడ్డారు. తర్వాత ఎక్స్‌రేల్లో, ఒకదానిలోంచి ఒకటి జరిగే రాడ్డు రెండు ముక్కలూ కలిసే చోట ఎముకలో మార్పులు కనపడ్డాయి, లోహం తుప్పు పట్టింది, కొందరికి నొప్పి వచ్చింది. 2021లో కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. అందుకే ‘సరికొత్త మోడల్’ అని ఎవరైనా అంటే, ఎన్నేళ్లుగా వాడుతున్నారు, తీసిన రాడ్లు ఎలా ఉన్నాయి అని మొహమాటం లేకుండా అడగండి.

ఏది వేసినా పోని ప్రమాదాలున్నాయి: మోకాలు బిగుసుకుపోవడం, పాదం కిందికి వాలి మడమ నేలకానకపోవడం, రక్తం గడ్డకట్టడం, ఎముక అతకకపోవడం. మొదటి రెండింటికి మందు ఫిజియోథెరపీయే, రోజూ, ఏడ్చుకుంటూ అయినా. సిగరెట్ తాగితే ఎముక కట్టడం ఆలస్యమవుతుంది, మావాడు మానేశాడు. ఎత్తు కోసమే చేయించుకునే పిల్లలకు కూడా చెప్తున్నా, ఇంట్లో దాచి మాత్రం పోకండి. 2016లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు అట్లా చేస్తే తల్లిదండ్రులు ఆస్పత్రికి ఉరికొచ్చి లబలబలాడారు. నెలల తరబడి మంచం దగ్గర ఉండాల్సింది వాళ్లే.

మాకైతే ముందు తుంటి నుంచి మడమ దాకా నిలబెట్టి తీసే ఎక్స్‌రే ఉంది. తొడ ఎముక వంకర తక్కువుంటే టైటానియం రాడ్డు, ఎక్కువుంటే ముందు దాని సంగతి చూడాలన్నారు డాక్టరు. ఏదైనా సరే, సాగదీసే రోజులన్నీ హైదరాబాద్‌లో ఆస్పత్రికి దగ్గరలో గది తీసుకొని ఉంటాం. కర్రల మీద ఉన్నోణ్ని వారం వారం కాజీపేటలో రైలెక్కించే పని పెట్టుకోను.