వైద్యం మీద గొడవకి చైల్డ్ అబ్యూజ్ చట్టం ఎందుకు?

ట్రాన్స్‌జెండర్ పిల్లలకి 18 ఏళ్ళు నిండకముందే ప్యూబర్టీ బ్లాకర్లు (యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పుల్ని ఆపి ఉంచే మందులు), హార్మోన్లు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంటుంది, దాని మీద వాదించుకుందాం, తప్పులేదు. కానీ ఆ గొడవని తీసుకెళ్ళి చైల్డ్ అబ్యూజ్ (పిల్లల్ని హింసించడం) చట్టంలో పడేయడం మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జరిగింది అదే. 2021లో ఈ వైద్యాన్ని అబ్యూజ్ నిర్వచనంలో చేర్చాలని బిల్లు తెచ్చారు, రాష్ట్ర చట్టసభలో ఒక సభ అయిన సెనేట్‌లో పాసైంది, రెండో సభ హౌస్‌లో ఆగిపోయింది. చట్టసభలో కాని పనిని తర్వాత ఒక లెటర్‌తో చేశారు. 2022 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి, అంటే అటార్నీ జనరల్, కెన్ పాక్స్‌టన్ ఇది అబ్యూజ్ కిందికి రావచ్చని ఒపీనియన్ ఇవ్వడం, ఆ వెంటనే గవర్నర్ గ్రెగ్ అబాట్ ఇలాంటి కుటుంబాల మీద దర్యాప్తు చేయమని పిల్లల సంరక్షణ శాఖకి రాయడం, డాక్టర్లు, నర్సులు, టీచర్లు తెలిసీ రిపోర్ట్ చేయకపోతే శిక్ష ఉంటుందని అందులోనే గుర్తుచేయడం, అన్నీ రోజుల్లో అయిపోయాయి.

మొదట దర్యాప్తు ఎదుర్కొన్నవాళ్ళలో ఆ శాఖలోనే పనిచేసే ఒక తల్లి ఉంది. అబ్యూజ్ ఫిర్యాదులు చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆ లెటర్ తన ఇంటికి కూడా వర్తిస్తుందా అని పై అధికారిని అడిగితే ఆవిడని సెలవు మీద పంపేశారు, కొద్దిరోజుల్లోనే ఇన్వెస్టిగేటర్ ఇంటికొచ్చి 16 ఏళ్ళ కూతురి మెడికల్ రికార్డులు అడిగాడు. కొట్టారనో, తిండి పెట్టలేదనో కాదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారన్నదే ఆరోపణ! ఆ వయసు పిల్ల ఎంత టెన్షన్ పడి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇక అలాంటి పిల్లలు స్కూల్లో ఏ టీచర్‌తో మనసు విప్పి మాట్లాడతారు?

అదే శాఖ చేతిలో ఉన్న ఫోస్టర్ పిల్లల్లో (సొంత ఇంటి నుంచి తీసుకొచ్చి ప్రభుత్వ సంరక్షణలో పెట్టిన పిల్లల్లో) చాలామందికి అప్పట్లో ఉండటానికి ఇళ్ళు దొరక్క, ఆఫీసుల్లో, హోటళ్ళలో పడుకోబెట్టారు. కేసు వర్కర్లకి ఉన్న టైమ్ ఎటు పోవాలో నేను చెప్పక్కర్లేదు.

2022 మే నెలలో టెక్సస్ సుప్రీంకోర్టు, ఆ శాఖని అలా ఆదేశించే అధికారం గవర్నర్‌కి లేదని తేల్చింది. 2023లో మాత్రం చట్టసభే మైనర్లకి ఈ వైద్యాన్ని నిషేధించింది, అప్పటికే మందులు వాడుతున్న పిల్లల చేత కూడా మెల్లగా మాన్పించాలంది. ఇది కూడా నాకు నచ్చలేదు, కానీ కనీసం ఇది డాక్టర్ల లైసెన్స్ దగ్గర ఆగింది, తల్లిదండ్రుల మీద అబ్యూజ్ ముద్ర వేయలేదు. ఇంగ్లండ్ కూడా 2024లో, ఈ వైద్యానికి ఆధారాలు బలంగా లేవన్న కాస్ రివ్యూ (డాక్టర్ హిలరీ కాస్ చేసిన స్వతంత్ర సమీక్ష) తర్వాత, బ్లాకర్లని కట్టడి చేసింది. అయితే అప్పటికే వాడుతున్నవాళ్ళని కొనసాగించనిచ్చింది, అమ్మానాన్నల్ని నేరస్తుల్లా చూడలేదు. అనుమానం ఉంటే అలా కూడా ఆపొచ్చు.

2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, మైనర్లకి ఇదే వైద్యం మీద టెనెస్సీ రాష్ట్రం పెట్టిన నిషేధాన్ని 6-3తో సమర్థించింది. పిల్లల వైద్యం మీద తల్లిదండ్రులకి ఎంత హక్కు ఉందన్న ప్రశ్నని మాత్రం ఆ కేసులో విచారణకే తీసుకోలేదు. నాకు కావాల్సిన జవాబు దానికే.