చుక్క గుర్తున్న స్క్రూ

ఈ రోజంతా పాత యమహా టూ స్ట్రోక్ ఇంజన్ ముందే గడిచింది. జపాన్‌లో తయారైన ఈ బండి ఎన్ని చేతులు మారి నా దగ్గరికి వచ్చిందో, మధ్యలో ఇంజన్‌ను ఎన్నిసార్లు విప్పారో చెప్పేవారెవరూ లేరు. అందుకే ఫ్యాక్టరీలో బిగించిన భాగాల్లో ఏవి మిగిలాయో నేనే ఒక్కొక్కటిగా చూసుకోవాలని కూర్చున్నాను.

ముందుగా కుడివైపు కవర్ స్క్రూలను కిరోసిన్ గుడ్డతో తుడిచాను. జపాన్ ప్రమాణమైన జె.ఐ.ఎస్. ప్రకారం చేసిన స్క్రూ తల మీద, ప్లస్ గాడి పక్కన, సూదిమొనతో పొడిచినట్టు సాధారణంగా ఒక చిన్న చుక్క ఉంటుంది. చూడడానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే ఉన్నా గాడి ఆకారంలో కొద్దిపాటి తేడా ఉండడం వల్ల, ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పితే అది జారి గాడి అంచులను తినేస్తుంది. ఈ కవర్‌కు అలాంటి స్క్రూలు నాలుగే మిగిలాయి. తక్కినవన్నీ తర్వాత ఎవరో వేసిన అలెన్ బోల్టులు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉన్నవి. చుక్క ఉన్నంత మాత్రాన అది ఈ బండితో వచ్చిందేనని రుజువు కాదు గాని, గాడి ఏమాత్రం చెడని ఒక స్క్రూను చూసి చాలాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాను.

హెడ్ తీసి, పిస్టన్ మీది మసిని గీతలు పడకుండా చెక్కపుల్లతో గీకగా, ఎగ్జాస్ట్ వైపు చూపే బాణమూ, 50 అనే అంకె బయటపడ్డాయి. సిలిండర్‌ను బోర్ చేసి, అంటే లోపలి గోడను కోసి వెడల్పు చేసి, అసలు కొలత కంటే 0.50 మిల్లీమీటర్లు పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్ వేశారన్నమాట. పిస్టన్ మారింది సరే, దాన్ని బట్టి సిలిండర్‌ను కూడా మార్చేశారనుకోవడం పొరపాటు. రెక్కల మధ్య పోత అక్షరాలు ఇప్పటికీ పదునుగా ఉన్న ఆ సిలిండర్‌ను నేను అసలైనదిగానే లెక్కిస్తాను.

కార్బురేటర్ దగ్గర మాత్రం మనసు కలుక్కుమంది. బాడీ మీద దాన్ని తయారుచేసిన జపాన్ కంపెనీ మికుని చదరపు గుర్తు స్పష్టంగా ఉంది. పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్కలైన జెట్లు అసలైనవైతే వాటి మీద కూడా ఆ గుర్తు ఉండాలి. కానీ మెయిన్ జెట్‌ను భూతద్దం కింద పెట్టి ఎంత తిప్పి చూసినా రంధ్రం సైజు తెలిపే అంకె తప్ప మరేమీ కనిపించలేదు. ఇలాంటి జెట్ రంధ్రం అంకెకు తగినట్టే ఉందని నమ్మలేం. పెట్రోలు చాలకపోతే టూ స్ట్రోక్ పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే ఆ జెట్‌ను తిరిగి బిగించలేదు.

చీకటి పడ్డాక, ఏ స్క్రూ ఏ రంధ్రంలోదో కాగితం మీద గీసుకుని, ఆ నాలుగు చుక్క స్క్రూలకూ నూనె రాసి వేరే డబ్బాలో పెట్టాను.