చీకటితో ముగిసే కీర్తన

మా తమ్ముడు ఎనిమిది నెలలు వ్యాధితో పోరాడి ప్రభువునందు నిద్రించిన తరువాత, దాదాపు ఏడాదిపాటు నేను ప్రార్థన చేయలేకపోయాను. మానేశానని చెప్పడం సరికాదు. రోజూ మోకరించేదాన్ని, "ప్రభువా" అనేదాన్ని, ఆ తరువాత ఒక్క మాట కూడా వచ్చేది కాదు. వాడిని స్వస్థపరచమని ఉపవాసాలుండి, కన్నీళ్లతో అడిగిన ప్రార్థనలకే జవాబు ఇదైనప్పుడు, ఇక కొత్తగా ఏమి అడగాలో నాకు తోచేది కాదు. శ్రమల్లో విశ్వాసాన్ని నిలుపుకోవడం గురించి అంతకు ముందు ఎన్నో ప్రసంగాలు విన్నాను, సండే స్కూలు పిల్లలకు నేనే పాఠంగా చెప్పాను కూడా. అయితే నాకు నిజంగా తెలిసినది ఆ ఏడాదిలో తెలిసినదే.

భూస్థాపన జరిగిన కొద్ది రోజులకు పరామర్శకు వచ్చిన ఒకరు, "మీకు ఇంకొంచెం విశ్వాసం ఉండి ఉంటే అబ్బాయి బ్రతికేవాడమ్మా" అని మా అమ్మతో అన్నారు. మేలు కోరి అన్నారనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కాని బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద ఆ మరణం తాలూకు నేరాన్ని కూడా మోపే ఆ మాట వాక్యానుసారమైనది కాదని ఈ రోజు గట్టిగా చెప్పగలను. బైబిల్లో బిడ్డలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన ముగ్గురు స్నేహితులు, అతని దుఃఖం ఎంత గొప్పదో చూసి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకక అతనితో నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు తెరిచి, నీలో ఏదో పాపం ఉండబట్టే నీకు ఇది వచ్చిందని వాదించడం మొదలుపెట్టాక వారు ఓదార్చేవారు కాక నేరం మోపేవారయ్యారు. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని చెప్పాడు. తాను పుట్టిన దినాన్నే శపించినవాడు, దేవునితో వ్యాజ్యెమాడతానన్నవాడు యుక్తంగా పలికినవాడయ్యాడు. దేవుని పక్షాన వాదిస్తున్నామనుకున్నవారికి కోపం ఎదురైంది. ఈ వచనం దగ్గర నేను చాలా కాలం ఆగిపోయాను.

అక్కడి నుండి కీర్తనల గ్రంథానికి వెళ్లాను. నూట యాభై కీర్తనల్లో ఎన్ని మొఱ్ఱలున్నాయో అప్పుడే నిజంగా చూశాను. వాటిలో చాలా వరకు ఏడుపుతో మొదలై, ఎక్కడో ఒక చోట "అయినను" అని మలుపు తిరిగి స్తుతితో ముగుస్తాయి. కాని 88వ కీర్తనలో ఆ మలుపు లేదు. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్న ఆ కీర్తనలో పగలూ రాత్రీ మొఱ్ఱపెడుతున్నానంటాడు, నీవు నన్ను ఎందుకు విడిచావంటాడు, చివరికి చీకటియే నాకు బంధువర్గమాయెనని ముగించేస్తాడు. వాగ్దానం లేదు, సాక్ష్యం లేదు. అంత నిరాశ నిండిన పాటను తన ప్రజలు ఆరాధనలో పాడుకోవడానికి దేవుడు ఉంచాడంటే, నాలాంటివారు కూడా ఆ ఆరాధనలోకి వస్తారని ఆయనకు తెలుసన్నమాట. పైగా ఆ కీర్తనలో ప్రతి ఫిర్యాదూ ఆయనతోనే చెప్పుకున్నది. హేమాను దేవుని గూర్చి ఎవరితోనో మాట్లాడడం లేదు, దేవునితోనే మాట్లాడుతున్నాడు. మొదటి వచనంలోనే "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచి, ఆ పిలుపు మీదనే మిగిలిన చీకటినంతా ఆయన ముందు కుమ్మరించాడు. నమ్మకం పోయినవాడు ఫిర్యాదు చేయడు, లేచి వెళ్లిపోతాడు. అప్పటి వరకు నా మౌనాన్ని అవిశ్వాసమనుకుని కుమిలిపోతున్న నాకు, ఆ కీర్తన మాటలు అరువు తీసుకుని మాట్లాడవచ్చని తోచింది.

మన కృతజ్ఞత కూటాల్లో హబక్కూకు మూడవ అధ్యాయం తరచుగా చదువుతాము. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానన్న ఆ మాటలు నాకూ ప్రాణమే. అయితే అదే ప్రవక్త మొదటి అధ్యాయంలో, నేను మొఱ్ఱపెట్టినా నీవు ఎన్నాళ్లు ఆలకించకుండా ఉంటావని దేవుణ్ణి నిలదీశాడు. ఆ అధ్యాయం దాటకుండా మూడవ అధ్యాయానికి చేరమని దుఃఖంలో ఉన్నవారిని మనం తొందరపెడుతున్నామేమో ఆలోచించాలి. "నా కృప నీకు చాలును" అన్న వాక్యం విషయంలోనూ అంతే. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధిస్తున్న శ్రమను తీసివేయమని ముమ్మారు వేడుకున్న తరువాత ప్రభువే స్వయంగా అతనితో చెప్పిన మాట అది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మనం ఇంకొకరికి చెప్పవలసిన మాట కాదు.

నన్ను ఎక్కువగా ఆదరించినది ఏలీయా ప్రవక్త వృత్తాంతం. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో అతడు బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని ప్రార్థించి నిద్రపోతాడు. దేవుడు అతనిని గద్దించలేదు. దూత వచ్చి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే, పడుకోనిచ్చాడు. రెండవసారి తట్టి, నీ శక్తికి మించిన ప్రయాణం నీ ముందున్నది, లేచి భోజనం చేయమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు అడిగిన ప్రశ్నలు, మిక్కిలి నిమ్మళమైన స్వరం, కొత్త పని అప్పగించడం, అన్నీ ఆ తరువాతే. మా సంఘంలోని ఒక సహోదరి కొన్ని వారాలపాటు సాయంత్రాలు మా ఇంటికి భోజనం తెచ్చేది. ఒక్క వాక్యం కూడా ఎత్తి చెప్పలేదు. మేము తినేదాకా కూర్చుని, గిన్నెలు కడిగి వెళ్లేది. ఆమె రాకపోయి ఉంటే ఏలీయా కథలో ఆ అప్పం నా కళ్లకు కనిపించేది కాదు.

ఆ ఏడాదంతా ఆదివారం ఆరాధన మాత్రం మానలేదు. చివరి వరుసలో కూర్చునేదాన్ని, పాడేదాన్ని కాదు. నా చుట్టూ ఉన్నవారు పాడేవారు. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించినప్పుడు, యేసు "వారి" విశ్వాసం చూశాడని ఉంది. ఆ రోగి ఒక్క మాటైనా అడిగినట్టు అక్కడ లేదు. పాడే గొంతులు నన్ను ఆ పరుపు మీద మోస్తున్నాయని కొన్ని ఆదివారాలు నాకు అనిపించింది. ఒంటరిగా ఇంట్లో ఉండి విశ్వాసాన్ని కాపాడుకోగలనని అప్పుడు అనుకుని ఉంటే, నేను ఈ రోజు ఇది రాసేదాన్ని కాదేమో.

నా ప్రార్థన తిరిగి వచ్చింది గాని, మునుపటిలా ధారాళంగా రాలేదు. తమ్ముడు ఎందుకు బ్రతకలేదన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ ప్రశ్నను ఇప్పటికీ ఆయన దగ్గరే పెడుతున్నాను.

మొన్న తమ్ముడి జ్ఞాపకార్థ ప్రార్థన ఇంట్లో మేమే పెట్టుకున్నాము. వాక్యం చదవమని అమ్మ బైబిలు నాకు అందించింది. "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన తీస్తానని అనుకుని ఉంటుంది. నేను 88 తీసి చివరి వచనం వరకు చదివి ఆగాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి చదువమ్మా" అంది.