తిరుపతికి సముద్రం ఉందా? ఒక థీసిస్ అనుభవం

"మన జిల్లాకి సముద్రం యాడుంది పాపా?" థీసిస్ టాపిక్ చెప్పగానే మా నాయన అన్న మాట ఇది.

ఆయన తప్పేం లేదు. ఇరవై ఏళ్లుగా యాత్రికుల్ని తిప్పుతున్న డ్రైవర్. ఆయన బండికి తెలిసిన దారులు తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, మరీ టైముంటే వేలూరు బంగారు గుడి. సముద్రం చూడాలని ఎవరైనా అడిగితే చెన్నై తీసుకెళ్లేవాడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు నెల్లూరు నుంచి వచ్చి తిరుపతిలో కలిశాయి. దాంతో శ్రీహరికోట, పులికాట్ సరస్సులో మన రాష్ట్రం వైపు ఉన్న నీళ్లు, వాకాడు మండలంలోని తూపిలిపాళెం బీచ్ మనవయ్యాయి. కొండ కింద బతికే మాకు ఆ సంగతి ఇంకా ఒంటబట్టలేదు, అంతే.

ఆర్కిటెక్చర్ చివరి ఏడాదిలో ఒక ఊహాత్మక ప్రాజెక్టు చెయ్యాలి. నేను ఎంచుకున్నది తీర పర్యాటకం కోసం ఒక థీమ్ పార్క్. దర్శనం అయిపోయి, రాత్రి రైలు దాకా ఏం చెయ్యాలో తెలియక రూములో పిల్లల్ని కసురుకుంటూ కూర్చునే కుటుంబాలు నాయన బండిలో రోజూ కనిపిస్తాయి. ఒక్క రోజు ఎక్కువ ఉండమంటే వాళ్లకు ఏం చూపించాలి? నా ప్రశ్న అదే.

మొదటి డ్రాయింగ్ చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అలల అంచునే జెయింట్ వీల్, పక్కన వాటర్ స్లైడ్లు, మధ్యలో రాకెట్ ఆకారంలో నిలువు టవర్. చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 ఎత్తు 43.5 మీటర్లు కాబట్టి నా టవరూ సరిగ్గా అంతే. పైనుంచి సీట్లు ధడేలున కిందికి జారతాయి. నెలరోజులు దాని మీదే కూర్చున్నాను.

మా గైడ్ సార్ ఏమీ అనలేదు. ఎర్ర పెన్ను తీసి ఒక గీత గీశారు. 2019 సీఆర్‌జడ్ (సముద్ర తీరంలో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే కేంద్రం నియమాలు) నోటిఫికేషన్ ప్రకారం, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 కన్నా తక్కువున్న పల్లె తీరంలో పోటు నీళ్లు వచ్చే హద్దు నుంచి 200 మీటర్ల లోపల శాశ్వత కట్టడాలకు వీల్లేదు. "నీ పార్కంతా గీతకు తూర్పునే ఉందమ్మా," అన్నారు. ఆ 200 మీటర్లలో తాత్కాలికంగా పెట్టుకోనిచ్చేవి కొన్నే: పందిళ్లు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీళ్లు, కూర్చునే బల్లలు. అవి కూడా పోటు గీతకు కనీసం 10 మీటర్ల దూరంలో. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వెళ్లిపోయిన రెండో వారం, నాయన బండిలోనే సైట్ చూడ్డానికి పోయాం. నాయుడుపేట దాటాక పొలాలన్నీ ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. వాకాడు వైపు రొయ్యల గుంటలు, సవక తోపులు. బీచ్ దగ్గర వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. నా డ్రాయింగ్ విప్పి చూపిస్తే టవర్ వైపు ఒక్కసారి చూసి వదిలేశాడు.

"ఆదివారం ఆదివారం జనం వస్తారమ్మా. ఆడోళ్లు గుడ్డలు మార్చుకోవాలంటే మా ఇళ్లకే వస్తారు. కాదనలేం గదా."

ఇంకో మాట కూడా అన్నాడు. రాకెట్ వదిలే రోజు ఆ వైపు సముద్రంలోకి పోవద్దని చెబుతారట. ఆ రోజు పడవలు ఒడ్డునే, చేతిలో పని ఉండదు. తిరుగు దారిలో నా బుర్రంతా ఇదే. పార్కుకు ఎక్కువ జనం వచ్చేదీ రాకెట్ రోజే, ఆ ఊరివాళ్లకు కూలి దొరకనిదీ ఆ రోజే. అయితే ఆ రోజు తిండి అంగళ్లు వాళ్లవే కావాలి, చేపల పులుసు వాళ్ల చేతిదే అయ్యుండాలి. మొత్తం థీసిస్‌లో నేను కాస్త గర్వపడేది ఈ ఒక్క ఆలోచనకే.

తర్వాత టవర్‌కు గాలి లెక్కలు వేశాను. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. పులికాట్‌కు రాజహంసలు, నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు వచ్చే కాలమూ అప్పుడే మొదలవుతుంది. అంటే జనం రావడం మొదలయ్యే నెలలే గాలి భయం ఉన్న నెలలు కూడా. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇంకో తలనొప్పి. మూడు రాత్రులు ఆలోచించి, చివరికి రాకెట్‌ను పడుకోబెట్టేశాను. 43.5 మీటర్ల పొడవున, ఎర్రగీతకు పడమర, సవక తోపు మధ్యలో అడ్డంగా. పిల్లలు తోక దగ్గర దూరి, ఒక్కో దశ దాటుకుంటూ ముక్కు దగ్గర బయటికొస్తారు. పక్కనే బుడ్డోళ్లకు రోహిణి-125 అనే బుల్లి రాకెట్. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదట ఎగిరింది అదే. మద్రాసు చేతికి రాకముందే ఇంగ్లీషు కంపెనీ సరుకు కొట్టు పెట్టుకున్న దుగరాజపట్నం కూడా దగ్గరే కాబట్టి ఒక గోడ దానికిచ్చాను. వేసవిలో సరస్సు ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది, పక్షులుండవు. ఆ నెలలకు ఏం చూపించాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తేలలేదు. షీట్ మీద ఏదో నింపాను.

ఫైనల్ జ్యూరీ, అంటే మా థీసిస్ పరీక్ష, 2024 మే నెలలో. టెన్షన్‌తో ముందురోజు అన్నం దిగలేదు. బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ మేడం మొదటి షీట్ దగ్గరే ఆగిపోయారు.

"థీమ్ పార్క్ అన్నావు. మొదటి షీట్ మరుగుదొడ్లా?"

"మొదటి దశ అదే మేడం. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, నీళ్లు, నీడ, ఒడ్డున ఈతగాళ్లు. రాకెట్ వచ్చేది రెండో దశలో."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు, వేసవి గురించి అడిగారు. నేను తడబడ్డాను. మార్కులు ఒక మోస్తరుగా వచ్చాయి. టవర్ నిలబెట్టిన స్నేహితుడికి నాకన్నా ఎక్కువే వచ్చాయి, ఆ కడుపుమంట ఇంకా తగ్గలేదు.

నాయన మాత్రం మారాడు. ఇప్పుడు దర్శనం అయిన వాళ్లను "సముద్రం చూస్తారా సార్, మన జిల్లాలోనే ఉంది" అని అడుగుతున్నాడు. పోయిన నెల హైదరాబాద్ కుటుంబం ఒకటి సరేనంది. రాత్రి ఇంటికొచ్చాక ఎలా జరిగిందని అడిగాను.

"పిల్లకాయలు నీళ్లలోంచి బయటికి రాలేదు. ఆ అమ్మ మాత్రం దారి పొడుగునా నన్ను తిట్టింది, బాత్రూమ్ లేని చోటికి తీసుకొచ్చినానని," అన్నాడు. "నీ మొదటి షీటు ఫొటో చూపించినా. ఇది ఎప్పుడు కడతారని అడిగింది."