చందా అడగడం నేర్పిన డిసెంబరు

అమెరికాలో డిసెంబరు వస్తే మనవాళ్లు ఇండియా ఫ్లైటెక్కుతారు, లేదంటే కాస్ట్‌కోలో లైన్లో నిలబడతారు. మావారికి సెలవు దొరకని ఏడాది నేను రెండూ మానేసి, ఏఏయూడబ్ల్యూ స్థానిక బ్రాంచిలో సెలవుల కార్యక్రమాల కమిటీకి పేరిచ్చాను. డిసెంబర్లో లంచి, కాస్త అలంకరణ, కేకు, అంతే కదా అనుకున్నాను. పని సెప్టెంబర్లో మొదలై జనవరి దాకా సాగింది. ఉద్యోగానికొచ్చిన భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చి ఏం చెయ్యాలో తోచక కూర్చున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఏఏయూడబ్ల్యూ అంటే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్. పై చదువులు చదివితే ఆడవాళ్ల ఆరోగ్యం పాడవుతుందని పేరున్న డాక్టర్లే అచ్చేసి చెబుతున్న రోజుల్లో, 1881లో, డిగ్రీలు చేతబట్టిన 17 మంది ఆడవాళ్లు బోస్టన్‌లో కూడి మొదలుపెట్టిన సంస్థ ఇది. డాక్టర్లతో వాదన పెట్టుకోకుండా, కాలేజీ చదివిన ఆడవాళ్లనే సర్వే చేసి, ఆ మాట నిజం కాదని 1885లో లెక్కలతో సహా చూపించారు. నాకు ఈ పద్ధతి భలే నచ్చింది. సమాన వేతనం, స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లలకి సైన్సు చదువులు, ఇవీ ఇప్పుడు వాళ్ల పనులు. మా బ్రాంచిలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, లైబ్రేరియన్లు. మొదటి మీటింగులో నల్లజుట్టు నాదొక్కదానిదే, అదీ రంగేసిందే.

వీసా సంగతి ముందే కనుక్కున్నాను. ఇక్కడ ఎవరికీ జీతం ఇచ్చి చేయించే పని కాదు, అందరూ ఊరికే చేసేదే. అలాంటి చోట వలంటీరుగా ఉండటానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు.

నా చేతికొచ్చిన మొదటి పని రాఫిల్. డిసెంబరు లంచిలో బహుమతుల బుట్టలు పెట్టి టికెట్లు అమ్ముతారు. మన ఊళ్లో లక్కీ డ్రా అంటే ఓ స్టీలు డబ్బా, మడిచిన చీటీలు, ఓ చిన్నపిల్లాడి చెయ్యి. కాలిఫోర్నియాలో దీనికి ఏకంగా శిక్షాస్మృతిలో ఓ సెక్షనుంది, 320.5. 2000లో ఓటర్లు ప్రతిపాదన 17ని నెగ్గించేదాకా సేవాసంస్థలకి కూడా రాఫిల్ నడిపే వీల్లేదట. ఇప్పుడు నడపొచ్చు గానీ, ముందు అటార్నీ జనరల్ ఆఫీసులో రిజిస్టరు చేసుకోవాలి. ప్రతి టికెట్టుకీ చింపుకునే ముక్క ఉండాలి, రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి. ఇంటర్నెట్లో అమ్మకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 90 శాతం సేవకే పోవాలి.

మా ట్రెజరర్ ఎనభై దాటిన పెద్దావిడ. కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. అందరూ ఆవిడని పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక, ఎదురుగా వెళ్లి నిలబడి ఆవిడే చూసేదాకా ఆగేదాన్ని. ఆవిడ ఫారం నా ముందు పెట్టి, "నువ్వు నింపు, నేను చూస్తాను" అంది. ఆ నియమాలన్నీ నాకు కంఠతా వచ్చింది ఆవిడ పక్కన కూర్చున్నందుకే. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో టికెట్ల సంగతి పెట్టగానే, "రెండు పక్కన పెట్టవే, ఫోన్లో జెల్‌తో డబ్బు పంపుతాను" అని మెసేజిలొచ్చాయి. కుదరదంటే, చీటీల ఆటకి ఇంత రాద్ధాంతమా అని ఎగతాళి చేశారు. ఆవిడ మాత్రం ఫోన్లో డబ్బు తీసుకుని టికెట్టు పక్కన పెట్టడాన్ని కూడా ఇంటర్నెట్ అమ్మకం కిందే లెక్కేసింది. కావాల్సినవాళ్లు లంచికి వచ్చి చేత్తో కొనుక్కోవాల్సిందే.

తొంభై శాతం సేవకే పోవాలంటే బహుమతులు కొనడానికి ఇక మిగిలేది పెద్దగా ఉండదు. కాబట్టి బుట్టల్లోకి వెళ్లేవన్నీ ఎవరో ఒకరు ఊరికే ఇచ్చినవై ఉండాలి. ఊరికే ఇవ్వాలంటే ఎవరో వెళ్లి అడగాలి. అసలు కష్టం అక్కడుంది.

కాకినాడలో మా ఇంట్లో ఎవరినైనా ఏదైనా అడగడమంటే నామోషీ. వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని వీధి వీధీ తిరిగేది మగపిల్లలే. మా వంతు తలుపు సందులోంచి "నాన్నగారు లేరు" అని చెప్పడం. ఉన్నా అదే చెప్పేవాళ్లం. ఎమ్మెస్సీ చదివాను, కొన్నేళ్లు ఉద్యోగం చేశాను గానీ, ఒక షాపులోకి వెళ్లి "మాకేమైనా ఇస్తారా" అని అడిగిన పాపాన పోలేదు.

బ్రాంచి ప్రెసిడెంటు నన్ను తనతో తీసుకెళ్లింది. ఆవిడ అడిగే తీరు చూసి తీరాలి. మధ్యాహ్నం మూడింటికి, షాపులో జనం లేనప్పుడు వెళ్తుంది. కౌంటర్లో కుర్రాడితో కాకుండా ఓనరుతోనే మాట్లాడుతుంది. సంస్థ పేరున్న లెటర్‌హెడ్ మీద ఉత్తరం, అందులో టాక్స్ నంబరు. "మీకు తోచింది ఇవ్వండి" అనదు. "రెండు హెయిర్‌కట్‌లకి కూపను ఇస్తారా?" అని నేరుగా అడుగుతుంది. తోచింది ఇవ్వమంటే అవతలివాడు ఆలోచించాలి, ఆలోచించే పని మనం పెట్టకూడదు అంటుంది. లేదన్నవాళ్ల దగ్గర మొహం మాడ్చుకోదు. "వచ్చే ఏడాది మళ్లీ అడగాలి కదా" అంటూ నవ్వుతూ బయటికొస్తుంది.

నేను ఒంటరిగా వెళ్లింది సన్నీవేల్‌లో ఎల్ కమీనో రోడ్డు మీదున్న ఒక తెలుగు హోటలుకి. తెలుగువాళ్లయితే తేలికవుతుందనుకున్నాను.

"గుడికాండీ?" అన్నాడాయన ఉత్తరం విప్పకుండానే.

"గుడికి కాదండీ. ఏడో క్లాసు ఆడపిల్లల సైన్సు క్యాంపుకి."

"ఏడో క్లాసా? మా పాప ఏడో క్లాసే. సీటిప్పిస్తారా?"

"నా చేతిలో లేదండీ. స్కూల్లో లెక్కల టీచరో సైన్సు టీచరో పేరు పంపాలి. తరవాత పాప వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది."

"అంటే నేను కూపనిచ్చినా ఇవ్వకపోయినా ఒకటేనా?"

"ఒకటేనండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి, నలుగురికి భోజనం అని రాసి స్టాంపు వేసిచ్చాడు. శని, ఆదివారాల్లో చెల్లదని కింద రాశాడు లెండి.

ఆ క్యాంపు పేరు టెక్ ట్రెక్. ఏఏయూడబ్ల్యూ కాలిఫోర్నియావాళ్లు 1998లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టారు. ఎనిమిదో క్లాసుకి వెళ్లబోయే ఆడపిల్లలు వేసవిలో వారం రోజులు యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ల్యాబులో పనిచేస్తారు, కోడింగు నేర్చుకుంటారు. ఖర్చులో కుటుంబం పెట్టుకునేది నామమాత్రం. మిగతాదంతా బ్రాంచీలు పోగుచెయ్యాలి. మా డిసెంబరు హడావుడి సగం ఇందుకే.

మిగతా సగం షెల్టరు కోసం. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక పిల్లల్ని తీసుకుని బయటపడ్డ ఆడవాళ్లు ఉండే చోటు అది. నవంబరులో వాళ్ల దగ్గర్నుంచి జాబితా వస్తుంది. షెల్టరు ఎక్కడుందో మాకెవరికీ చెప్పరు. సామాన్లు వేరే ఆఫీసులో అప్పగించాలి. జాబితాలో అన్నిటికంటే పైన పెద్దక్షరాలతో ఉన్న షరతు ఒకటుంది: వస్తువులు కొత్తవై ఉండాలి, గిఫ్ట్ ప్యాకింగ్ చెయ్యకూడదు. ప్యాకింగ్ కాగితం, టేపు, రిబ్బను విడిగా ఇవ్వమన్నారు.

ముచ్చటగా ప్యాక్ చేసిస్తే తప్పేంటి అని మా కమిటీలో కొత్తగా చేరిన ఇంకొకామె అడిగింది. షెల్టరు నుంచి వచ్చినావిడ చెప్పింది: ఒక గదిని షాపులా సర్దుతారు, తల్లులు ఒక్కొక్కరే వెళ్లి తమ పిల్లలకి ఏది నచ్చుతుందో చూసి తీసుకుంటారు, వాళ్లే కూర్చుని ప్యాక్ చేసుకుంటారు. ఆ బొమ్మ పిల్లాడికి అమ్మ ఇవ్వాలి, సంస్థ కాదు. ఇల్లు వదిలి కట్టుబట్టలతో వచ్చిన మనిషికి పిల్లాడి ముందు ఆ మాత్రం గౌరవం మిగలాలి. నేను చూసినంతలో దానం చేసే చోట్ల ఇంత ఆలోచన తక్కువ. మనవాళ్లు దుప్పటి ఇచ్చి ఫోటో దిగే పద్ధతి గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది కూడా.

ఇంకో సంగతి, అందరూ కొనేది టెడ్డీ బేర్లే. పధ్నాలుగేళ్ల పిల్లాడు ఎవరికీ గుర్తుండడు. గ్రూపులో "బొమ్మలొద్దు, హూడీలు, హెడ్‌ఫోన్లు, పాతిక డాలర్ల గిఫ్ట్ కార్డులు కావాలి" అని రాశాను. బాగానే వచ్చాయి.

ఆ రాత్రి గ్రూపులోనే ఉన్న ఒకమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆ షెల్టరు మనవాళ్లని కూడా తీసుకుంటుందా? నాకు తెలిసినవాళ్ల కోసం." తెలిసినవాళ్లు ఎవరని నేను అడగలేదు. తీసుకుంటుందని చెప్పాను. బే ఏరియాలో మన దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే ఉన్న సంస్థలు రెండున్నాయి: 1991 నుంచి మైత్రి, 1992 నుంచి నారిక. ఆ రెండింటి హెల్ప్‌లైన్ నంబర్లూ పంపాను. హెచ్-4 మీద ఉన్న భార్య తనమీద హింస జరిగిందని చూపగలిగితే సొంతంగా వర్క్ పర్మిట్ అడగడానికి ఐ-765వి అనే ఫారం ఉందని కూడా రాశాను. మన ఆడవాళ్లలో ఈ ఫారం పేరు విన్నవాళ్లు బహు తక్కువ. ఎవరికి అవసరం పడుతుందో తెలీదు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

డిసెంబరు మొదటి వారం నుంచి బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపులో తలుపు పక్కన బల్ల వేసుకుని గిఫ్టులు ప్యాక్ చేశాం. ప్యాకింగు ఉచితం, పక్కన గాజు సీసా, తోచినవాళ్లు తోచినంత వేస్తారు. అది టెక్ ట్రెక్‌కి. ప్రతి జూన్‌లో నోటుపుస్తకాలకి బ్రౌన్ పేపరు అట్టలేసిన చెయ్యి నాది. పుస్తకాలు వస్తే నాకు పండగే. కాగితాన్ని గోటితో నొక్కి, మూల మడిచి, ఒక్క టేపు ముక్కతో ముగించేదాన్ని. ఒకాయన మాత్రం మెత్తటి జిరాఫీ బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు, నా మోచెయ్యంత మెడ. దాన్ని ఎలా చుట్టినా జిరాఫీయేనని తెలిసిపోతోంది. చివరికి మెడకి రిబ్బను కట్టి ఇచ్చేశాం. సీసాలో ఇరవై డాలర్ల నోటు వేసి వెళ్లాడు. ఇలా రోడ్డు మీద కూర్చున్నట్టు కూర్చుంటే మరో లాభం ఉంది. "మీరెవరు? దేనికి?" అని జనమే అడుగుతారు. వారం తిరిగేసరికి సమాధానం నా నోట ఆగకుండా వచ్చేది.

లంచి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చికెను ఎండిపోయి ఉంది, శాకాహారులకి పాస్తా. వక్త మేడం క్యూరీ కథ చెప్పింది. రేడియం కనిపెట్టిన మనిషికి పరిశోధనకి ఒక గ్రాము రేడియం కొనుక్కునే డబ్బు లేకపోతే, అమెరికా ఆడవాళ్లు చందాలెత్తి లక్ష డాలర్ల పైచిలుకు పోగు చేశారట. ఈ సంస్థ సభ్యులూ అందులో చెయ్యేశారు. 1921 మే 20న వైట్‌హౌస్‌లో ప్రెసిడెంటు హార్డింగ్ చేతుల మీదుగా ఆవిడకి అందింది. క్యూరీ కోసం కూడా ఎవరో గుమ్మాలెక్కి దిగి అడిగారన్నమాట.

భోజనాలయ్యాక కుకీల మార్పిడి. ఇంటికొకరు ఒక రకం చేసి తెచ్చి, తలా కొన్ని పంచుకుంటారు. తయారీ కార్డు కూడా పెట్టాలి. నేను సున్నుండలు పట్టుకెళ్లాను. గోధుమపిండి లేదు, గుడ్డు లేదు, జీడిపప్పు వెయ్యలేదు. గ్లూటెన్ పడనివాళ్లు ఆ బల్ల మీద తినగలిగేది అదొక్కటే కావడంతో నా పళ్లెం ముందు ఖాళీ అయింది. కార్డు మీద నెయ్యి ఎన్ని కప్పులో రాయమన్నారు. ఉండ కట్టడానికి ఎంత పడితే అంత అని రాశాను. ఇంగ్లీషులో చాలా అనుమానాస్పదంగా కనిపించింది.

చివరి వారమంతా చెక్కులతో సరిపోయింది. మా బ్రాంచి పన్నుల లెక్కలో 501(సి)(4) కిందికొస్తుంది. అంటే బ్రాంచి పేరు మీద రాసిన చెక్కుకి పన్ను మినహాయింపు లేదు. టెక్ ట్రెక్‌కి ఇచ్చేవాళ్లు ఏఏయూడబ్ల్యూ కాలిఫోర్నియా స్పెషల్ ప్రాజెక్ట్స్ ఫండ్ పేరున రాయాలి, అది 501(సి)(3), మినహాయింపు దానికుంది. పెద్ద ఐటీ కంపెనీల్లో ఉద్యోగి ఎంతిస్తే కంపెనీ కూడా అంతివ్వడం ఉంటుంది కదా, దానికీ ఈ (సి)(3) ఉండాలి. మనవాళ్లలో చాలామంది ఆ సౌకర్యం వాడుకోకుండా ఏడాది దాటించేస్తారు. డిసెంబరు ఆఖర్లో నేను మావారి ఫ్రెండ్సందరికీ ఫోన్లు చేసి మరీ అడిగాను. "వదినా, మీరెప్పుడూ ఏదీ అడగరే!" అన్నాడొకతను. "ఇప్పుడు అడుగుతున్నానుగా, 31 లోపల చెయ్యి" అన్నాను. చేశాడు, రసీదు కూడా పంపాడు.

జనవరిలో సామాను ఇచ్చిన ప్రతి షాపుకీ చేత్తో రాసిన కృతజ్ఞతల ఉత్తరం వెళ్లాలి. దీన్ని ప్రెసిడెంటు ఎవరికీ వదిలిపెట్టదు, పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తుంది. ఆ వెంటనే ఏడో క్లాసు పిల్లల పేర్లు పంపమని టీచర్లకి ఉత్తరాలు వెళ్లాయి. ఇంటర్వ్యూలకి నన్నూ కూర్చోమన్నారు. సరేనన్నాను గానీ, హోటలాయన కూపను సంగతి చెప్పి, వాళ్ల పాప స్కూలు నుంచి వచ్చే పిల్లల ఇంటర్వ్యూలకి మాత్రం వేరేవాళ్లని వెయ్యమన్నాను. ట్రెజరర్ ఆ మాట మీటింగు మినిట్స్‌లో రాయించింది.