గుండె ఇన్ఫెక్షన్‌తో పాటు నా ఒంటి సత్తువ కూడా చూశారు

నాకు గుండె వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎండోకార్డైటిస్ అంటారు. వారాల తరబడి జ్వరం, రాత్రి చెమటలు, అన్నం సహించకపోవడం, బట్టలు వదులైపోయేంతగా చిక్కిపోవడం. చివరికి రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా బయటపడింది, గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోలో (గుండె స్కాన్) మైట్రల్ అనే గుండె వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ గడ్డ కనిపించింది, వాల్వ్ బాగా లీకవుతోందని కూడా తేలింది.

ఆపరేషన్ సంగతి మాట్లాడటానికి వచ్చిన డాక్టరమ్మ గుండె గురించి కాకుండా వేరే ప్రశ్నలు మొదలుపెట్టారు. జబ్బు పడకముందు మెట్లు మీరే ఎక్కేవారా, స్నానానికి ఎవరైనా సాయం ఉండాలా, ఈ ఏడాదిలో ఎప్పుడైనా తూలి పడ్డారా అని. చేతికి ఒక పరికరం ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు, నాలుగడుగులు నడిపించి టైమ్ చూశారు. నాకు డెబ్బై దాటాయి కాబట్టి వయసు చూసి ఆపరేషన్ వద్దంటారేమోనని మా అబ్బాయికి ఒకటే టెన్షన్. "వయసొక్కటే చూడమండీ, దెబ్బ తగిలితే తట్టుకునే శక్తి ఒంట్లో ఎంత మిగిలి ఉందో చూస్తాం" అన్నారావిడ. ఆ శక్తి తగ్గిపోవడాన్నే ఫ్రెయిల్టీ అంటారట. 1 నుంచి 9 దాకా ఒక స్కేల్ ఉంది, అంకె పెరిగేకొద్దీ ఫ్రెయిల్టీ ఎక్కువని, జబ్బుకు ముందు మనం ఎలా ఉండేవాళ్లమో దాన్ని బట్టి అంకె వేస్తారు. నాకు 4 వచ్చింది, అంటే పనులన్నీ సొంతంగా చేసుకుంటారు గానీ నెమ్మదించారు అని.

నాకు ఆపరేషన్ చేశారు. పక్క బెడ్ ఆయన నాకంటే చిన్నవాడే, కానీ ఏళ్లుగా డయాలసిస్ మీద ఉండి లేచి నిలబడటమే కష్టమైపోయింది, ఆపరేషన్ తట్టుకోలేరని మందులతోనే నెట్టుకొచ్చారు. ఆయన దక్కలేదు. ఆ కుటుంబం ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఈ జబ్బుకి సాధారణంగా 4 నుంచి 6 వారాలు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు, అన్నాళ్లు మంచానికే అతుక్కుపోతే ఉన్న కండ కూడా కరిగిపోతుంది, అప్పుడు ఇన్ఫెక్షన్ తగ్గినా మనిషి లేవలేడు. అందుకే నా ఫిజియోథెరపీ ఐసీయూలోనే మొదలైంది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవగలిగిన రోజు నేను ఏడ్చేశాను, వాల్వ్ బాగుందన్న రిపోర్ట్ చూసినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఫ్రెయిల్టీ అంకె ఎక్కువుందని మనిషి మీద ఆశ వదిలేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. అలాంటివాళ్లకే డైటీషియన్, ఫిజియో మొదటి రోజు నుంచీ కావాలి, మీవాళ్లు ఆసుపత్రిలో ఉంటే గట్టిగా అడగండి. ఇంకొకటి, ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, పన్ను తీయించుకునే ముందు డెంటిస్ట్‌కి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి, జ్వరం వస్తే సొంతంగా యాంటీబయాటిక్ మింగకుండా ముందు బ్లడ్ కల్చర్‌కి ఇవ్వాలి.